చల్లగా ఉన్నా ఆరని గది

గంట టైమిచ్చి ఖమరుద్దీన్ మెట్లు దిగిపోయాడు. కింద హాల్లో తేమ చూపే మీటరు ఎనభై నాలుగు మీద ఉంది. గంటలో అది డెబ్బై కిందికి దిగితే ఉంటారు, దిగకపోతే ఇప్పుడు కలిపిన రెండు వైర్లూ విప్పేసి సాయంత్రానికి మస్కట్ దారి పడతారు. "మస్కట్‌లో ఇంజనీరు మాట కాదని చేచ్చాండాం భూమయ్యా. నా నెత్తిన్నే పెట్టుకుంటాండా. ఐదు దిగినప్పుడల్లా ఒక మిస్డ్ కాల్ కొడతా, నువ్వు పైన మిషన్ జూసుకో" అన్నాడు పోతూ పోతూ. కడప మనిషి, ఫోర్మన్, మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. డాబా మీద మంచమంత వెడల్పున, ఛాతీ ఎత్తున ఉన్న ఏసీ పెట్టె పక్కన భూమయ్య ఖాళీ రంగుడబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. ఫోను చొక్కాజేబులో పెట్టుకుంటే తడుస్తుందని ప్లాస్టిక్ కవర్లో చుట్టి చేతిలోనే పట్టుకున్నాడు. వాన పడుతోందనడానికి లేదు, పడటం లేదనడానికీ లేదు. సలాలాలో ఆగస్టు నెలంతా ఇంతే, ఇక్కడివాళ్ళు ఖరీఫ్ అంటారు, పొగమంచు కొండ మీంచి దిగి ఊరి మీద పడుకుంటుంది, తుంపర కనపడదు గాని గంట కూర్చుంటే కనుబొమ్మల మీద ముత్యాలు కట్టి ఉంటాయి. ఇదే పూట మస్కట్‌లో డాబా ఎక్కితే చెప్పులు కరిగి అతుక్కుంటాయి. ఒకే దేశం, ఒకే నెల. అక్కడ ఎండకు మనిషి ఎండిపోతాడు, ఇక్కడ ఆరేసిన బనీను నాలుగురోజులైనా ఆరదు. వేడి వేరు, తడి వేరు. ఇంత చిన్న మాట తెలుసుకోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది గదా అనుకున్నాడు భూమయ్య, కోరుట్ల నుంచి వచ్చి తొమ్మిదేళ్ళు, అందులో ఆరేళ్ళు డాబాల మీదే.

ఫోను మోగలేదు. పెట్టె లోపల కంప్రెసర్ గుర్రుమంటోంది, అది మాత్రం ఆగలేదు, అదే ఆశ. పొద్దుటిదాకా ఇది మూడు నిమిషాలు తిరిగి పది నిమిషాలు పడుకునేది. ఎందుకు పడుకోదు, బయటే ఇరవై నాలుగు డిగ్రీలుంటే లోపల చల్లబరచడానికి ఏముంది. గది ఇరవై నాలుగుకు రాగానే థర్మోస్టాట్ చాలు అంటుంది, కంప్రెసర్ ఆగుతుంది, గాలి విసిరే ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అప్పటిదాకా చల్లని కాయిల్ మీద చెమటలా పట్టిన నీళ్ళు గొట్టంలోకి కారేలోపే ఆ ఫ్యాను గాలికి ఆవిరై మళ్ళీ గదిలోకే పోతాయి. అంటే గదిలోంచి తీసిన తడిని గదికే తిరిగి ఇవ్వడం. కంపెనీకి కంప్లైంట్ వచ్చింది ఇందుకే. మూడు ఖరీఫ్‌ల నుంచీ వస్తోందట, ఎవరో వచ్చి గ్యాసు చూసి ఫిల్టరు కడిగి పోతున్నారట. చలిగా ఉంటే పొడిగా ఉంటుందనుకుని ఒకడు థర్మోస్టాట్‌ను పద్దెనిమిదికి దింపి పోయాడు, అది ఇంకా చేటయింది, గోడలు చల్లబడి బీరువాల అద్దాలు బొటబొటా కారడం మొదలుపెట్టాయి. నాలుగురోజుల కింద మొదటిసారి హాల్లోకి అడుగుపెట్టినప్పుడు భూమయ్యకు ముందు వాసన తగిలింది. సాంబ్రాణి వాసన, దాని కింద బూజు వాసన. సాంబ్రాణి ఈ కొండల్లోనే పుడుతుంది, ప్రతి ఇంట్లో వేస్తారు, కాని అంత పొగ వేసినా కింది వాసన పోలేదు. గోడల పొడుగునా అద్దాల బీరువాలు, లోపల తోలు అట్టల పుస్తకాలు, అన్నీ చేత్తో రాసినవి. మధ్యలో బల్ల దగ్గర ముసల్లం అనే ఆయన కూర్చుని ఉన్నాడు, డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, ఆ ఇల్లూ ఆ పుస్తకాలూ ఆయనవే, తాతలనాటివి. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు, తలుపు తీసే ఉంటుంది. ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. లేచి భూమయ్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, అద్దం మీద వేలితో గీసి, తడిసిన వేలు చూపించి, "రుతూబా" అన్నాడు. తేమ. అరబీలో భూమయ్యకు ఆరోజు దాకా రాని మాట.

గాలికి తడి ఎందుకారదు అని తను ఒకప్పుడు భార్య గౌరవ్వను అడిగాడు. పెళ్ళయిన కొత్తలో, శ్రావణమాసం ముసురు, ఇంటిముందు చూరు కారుతుంటే గౌరవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తూ ఉంది. తునికాకు తడిగా ఉంటేనే చుట్టడానికి వంగుతుంది, అందుకని తడిగుడ్డలో కట్టి పెడతారు. చుట్టిన బీడీ మాత్రం పొడిగా ఉండాలి, మెత్తబడితే కార్ఖానావాడు పక్కకు పారేస్తాడు. ఒకే చాటలో ఒకే వస్తువుకు పొద్దున తడి కావాలి, మాపటికి పొడి కావాలి. ఆ పూట చేసిన బీడీలు మెత్తబడుతున్నాయని తను టేబుల్ ఫ్యాను తెచ్చి వాటి ముందు పెట్టాడు, గొప్ప పని చేసినట్టు. గౌరవ్వ నవ్వింది. "గాలే తడిగుంటె గాలి ఏం ఆరవెడ్తది? తడిని తడితోని తుడుస్తవా?" అని, కుంపట్లో నిప్పుల మీద బూడిద కప్పి, పైన జల్లెడ పెట్టి, దాంట్లో బీడీలు పరిచింది. చెయ్యి పెట్టి చూస్తే వేడిగా కూడా లేదు, గోరువెచ్చన. "కాలద్దు. సెగ తగులాలె గంతే" అంది. ఏడో తరగతి కూడా చదవలేదు గౌరవ్వ. ఆమెకు తెలిసిన సంగతి పుస్తకంలో చదువుకున్న ఇంజనీరుకు తెలియదా, తెలిసే ఉంటుంది, కాని వాడు ఖరీఫ్‌లో ఎప్పుడూ సలాలా రాలేదు, మస్కట్ ఆఫీసులో కూర్చుని ఒమాన్‌లో వేడి ఎందుకయ్యా అంటాడు. తెలిసినట్టే ఉండి తెలియకపోవడం. ఇంజనీరును అనడానికి తనెవడు. ఆ మాట మొదట అన్నది తనే.

ఫోను వణికింది. ఒక రింగు, ఆగిపోయింది. డెబ్బై తొమ్మిది. భూమయ్య లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. ఐదు దిగింది. దిగింది గాని ఇంతలోనే సంబరపడొద్దు, తలుపు మూసినందుకే ఒకటి రెండు దిగి ఉంటుంది. నీళ్ళ గొట్టం వైపు చూశాడు. పెట్టె పొట్టలోంచి బయటికి వచ్చి డాబా అంచుకు పోయే తెల్ల గొట్టం అది, దాని నోటి కింద బకెట్ పెట్టి పైన అట్టముక్క కప్పాడు, తుంపర నీళ్ళు కలవకుండా. గదిలోంచి తీసిన నీళ్ళు మాత్రమే అందులో పడాలి. మొదటి పావుగంట ఒక్క చుక్క లేదు. ఇప్పుడు చుక్క, చుక్క, మధ్యలో ఊపిరి పీల్చుకునేంత సేపు. ఇవి ఎక్కడి నీళ్ళు అని తోచింది. పుస్తకాల్లోంచి వచ్చినవా, గోడల్లోంచా, ముసల్లం ఊపిరిలోంచా. వేలు పెట్టి నాలుకకు తగిలించుకోబోయి సిగ్గుపడి మానుకున్నాడు. లోపల రెండు రాగి గొట్టాలు పక్కపక్కనే పోతాయి, మూత సందులోంచి చెయ్యి దూర్చి ఒకటి తాకితే మంచు, రెండోది తాకితే వెనక్కి తీసుకోవలసినంత వేడి. గాలి ముందు చల్లని కాయిల్ మీదుగా పోయి నీళ్ళు వదిలేస్తుంది, అంతవరకూ అన్ని ఏసీలూ చేసేదే. ఇందులో ఆ కాయిల్ వెనక ఇంకొకటి ఉంది, వేడిది. నీళ్ళు వదిలిన గాలి దాని మీదుగా పోయి, చలి విరిగి, గోరువెచ్చగా గదిలోకి దిగుతుంది. గది చల్లబడదు కాబట్టి థర్మోస్టాట్ చాలు అనదు, కంప్రెసర్ ఆగదు, నీళ్ళు తీస్తూనే ఉంటుంది. బట్ట పిండి ఎండలో వేసినట్టు. పిండకుండా ఎండలో వేస్తే ఆరదు, పిండి నీడలో పెడితే ఆరదు. ఆ వేడి కోసం కొత్తగా కరెంటు కాల్చనక్కర్లేదు, అదే విచిత్రం, గదిలోంచి లాగిన వేడి ఎలాగూ పైనున్న ఫ్యాన్లు ఆకాశంలోకి పారేస్తాయి, అందులో కొంత మళ్ళించి లోపలికి పంపడమే. భూమయ్య అరచెయ్యి ఫ్యాను జాలీ మీద పెట్టి చూశాడు. రోజూ మొహం కాల్చే గాలి ఇవాళ మెత్తగా వచ్చింది. మిగతా వేడి ఎటు పోయిందో తనకు తెలుసు. తెలిసినందుకు ఒళ్ళు జలదరించింది. దీన్ని ఆలోచించినవాడు ఎవడో, ఏ దేశంవాడో. చల్లబరిచే పెట్టెలో వేడి పెట్టాలని వాడికి ఏ ముసురులో, ఎవర్ని చూస్తే తోచిందో.

ఆ పెట్టెలో వేడి ఉందని తనూ కనిపెట్టాడు, మూడేళ్ళ కింద. రెండువేల ఆరు, మార్చి నెల, ఈ ఇంటి మీదే, నిన్నటిదాకా అది గుర్తే రాలేదు. కంపెనీ అప్పుడే ఈ మిషన్లు దింపింది, తను ఇంకా హెల్పరు. టెస్టింగ్ రోజున మూత తెరిచి గొట్టాలు తాకి చూస్తుంటే ఒకటి చెయ్యి కాల్చింది. పేపర్ మీద బొమ్మ చూశాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివితే హీట్ అని వచ్చింది, దాని ముందున్న రెండక్షరాలు ఏమిటో తెలియలేదు, తెలుసుకోలేదు. "సార్, కూలింగు, హీటింగు రెండూ ఒక్కసారే నడుస్తున్నై, తప్పు కలిపిన్రు" అన్నాడు. ఇంజనీరు వంగి చూసి, గొట్టం తాకి, నవ్వి, భుజం తట్టాడు. చలిదేశాల కోసం చేసిన మిషన్ అయి ఉంటుంది, ఇక్కడ అక్కర్లేదు, పీకెయ్ అన్నాడు. తేమ చూసే డబ్బా నుంచి వచ్చే రెండు వైర్లు తను కట్ చేసి, కొనలు మడిచి, ఎర్రటేపు చుట్టాడు. మరుసటి నెలే టెక్నీషియన్ అయ్యాడు. గౌరవ్వకు ఫోన్ చేసి చెప్పాడు, ఇంజనీరుకు తెల్వంది నేను వట్టిన అని. ఆమె ఆ రోజు కోరుట్లలో వాడకట్టు అంతా తిరిగి చెప్పి వచ్చిందట. నిన్న సాయంత్రం ఇదే పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రూమ్‌లో ఆరని బనీను, గౌరవ్వ జల్లెడ, అన్నీ తల్లో గిర్రున తిరిగి, పెట్టె లోపల కవర్లో దోపి ఉన్న అదే బొమ్మ కాగితంలో రెండక్షరాలు ఈసారి చదివి, రీహీట్, రీ అంటే మళ్ళీ గదా అని నోటితో అనుకుంటూ అడుగు మూత విప్పితే, వైర్ల కొనలకు ఎర్రటేపు. టేపు చివర తెంచకుండా మడిచి లోపలికి దోపి ఉంది. అలా దోపేవాడు కంపెనీలో తనొక్కడే. ఖమరుద్దీన్‌తో "వైరు ఊడివున్నదన్నా" అని మాత్రం అన్నాడు. ఊడి ఉంది. ఎవరు ఊడదీస్తే ఊడింది అని ఆయన అడగలేదు, తను చెప్పలేదు. ఆ మాటే ఇప్పుడు తుంపరలో పక్కన కూర్చుని ఉన్నట్టుంది.

రెండో రింగు. డెబ్బై నాలుగు. నీళ్ళ గొట్టం ఇప్పుడు చుక్కలు కాదు, సన్నని దారం, తెగకుండా బకెట్‌లోకి. భూమయ్య అట్ట ఎత్తి చూశాడు, నాలుగు వేళ్ళ ఎత్తు. అంత నీళ్ళు ఆ గదిలో గాలిలో ఉన్నాయంటే కంటికి కనపడకుండా ఎక్కడ దాక్కున్నాయి. మూడు ఖరీఫ్‌లు. ఇది నాలుగోది. ఒక్కో ఖరీఫ్ మూడు నెలలు. ఆ తొమ్మిది నెలలూ ఆ నీళ్ళు ఈ గొట్టంలోంచి పోవలసినవి, పోక కాగితాల్లోకి ఇంకాయి. వైరు ఊడి ఉంది అంటే చాలు, రేపు మస్కట్‌లో ఖమరుద్దీన్‌కు మంచిపేరు, తనకూ మంచిపేరు, ఇంకో మెట్టు కూడా ఎక్కిస్తారేమో. అదే వైరు మీద రెండుసార్లు పైకి. ఆ ఆలోచన వచ్చినందుకు నవ్వొచ్చింది. చెప్తే ఏమవుతుంది. దుక్మ్‌లో కొత్త పోర్టు కడుతున్నారు, ఎడారిలో క్యాంపు, తప్పు చేసినవాళ్ళను కంపెనీ అక్కడికి తోస్తోంది. లేదా పాస్‌పోర్ట్ చేతిలో పెట్టి టికెట్ తీస్తారు. వాడకట్టంతా తిరిగి చెప్పిన గౌరవ్వ మళ్ళీ ఏమని తిరిగి చెబుతుంది. అయినా ముసల్లం రోజూ మధ్యాహ్నం తమ ఇద్దరికీ పళ్ళెం నిండా అన్నం, చేప పంపిస్తున్నాడు, మొదటిరోజు తను తినేటప్పుడు వచ్చి పక్కన నిలబడి, కారం సరిపోయిందా అని హిందీలో అడిగాడు. తినేటప్పుడు తెలియదు, టేపు ఇంకా చూడలేదు. ఇవాళ్టి అన్నం మాత్రం తెలిసి తిన్నాడు. మసీదులో మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు పిలుపు మొదలైంది, పొగమంచులో ఆ గొంతు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియలేదు, అన్ని దిక్కులా నానినట్టుంది. పిలుపు ముగిసేసరికి ఫోను మూడోసారి వణికింది. ఆ వెంటనే మిస్డ్ కాల్ కాకుండా నిజంగానే మోగింది.

"అరవై తొమ్మిది" అన్నాడు ఖమరుద్దీన్. "ఇంకా దిగతానే ఉండాది. దిగిరా భూమయ్యా, నీ చెయ్యి బంగారంగాను."

హాల్లో అడుగు పెట్టగానే తేడా తెలిసింది. చలి లేదు. గాలి తేలికపడింది. అద్దాల మీద పైభాగం ఆరి, కిందివైపు మాత్రం తడి గీతలు మిగిలాయి. ఖమరుద్దీన్ మీటరు చేత్తో పట్టుకుని పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు. ముసల్లం నమాజు చేసుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు, ముందర ఒక పుస్తకం తెరిచి ఉంది. తెరిచి ఉందని కాదు, తెరుచుకున్నంత మేర తెరిచి ఉంది, మిగతా సగం పలకలా ఒక్కటైపోయింది. ఆయన తలెత్తి నవ్వి, కూర్చోమని కుర్చీ చూపించాడు. భూమయ్య కూర్చోలేదు. తనకు వచ్చిన హిందీలో, నేల చూస్తూ, ఆ వైర్లు కోసింది నేనే బాబా అన్నాడు. మూడేళ్ళ కింద, ఈ మిషన్ పెట్టినప్పుడు.

"ఏయ్, ఏం మాట్లాడతాండావ్" అన్నాడు ఖమరుద్దీన్ తెలుగులో, నవ్వు మొహం మీదే ఆగిపోయి. "ఊడిపోయిందంటివి గదప్పా."

"ఊడలేదన్నా. నేనే కోసిన. టేపు నాదే."

ఎందుకు కోశావు అని ముసల్లం హిందీలోనే అడిగాడు. వేడిగా ఉంటే తప్పనుకున్నానని భూమయ్య చెప్పాడు. ఎవరైనా కోయమన్నారా అన్నాడాయన. ఇంజనీరు పీకెయ్యమన్న మాట నాలుక చివరికి వచ్చింది, నిజం కూడా. కాని ఇంజనీరుకు ఆ మాట అందించింది తనే గదా. "ముందు నేనే చెప్పిన బాబా. ఆయన సరే అన్నడు" అన్నాడు. ముసలాయన ఒకటైపోయిన పేజీల మీద అరచెయ్యి పెట్టి, ఇది మా తాత రాసింది అన్నాడు. ఏ కొండలో ఏ ఊట ఏ నెలలో పారుతుందో, ఏ ఏడు ఎండిందో, ఒంటెల మీద తిరిగి చూసి రాశాడు. ఇందులో నలభై ఆకులు ఇక విడవవు. కోపం లేకుండా చెప్పాడు, లెక్క చెప్పినట్టు. కోపం ఉంటే మోయడం తేలికయ్యేదని భూమయ్యకు అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. తర్వాత ముసల్లం పుస్తకం మూసి, భూమయ్య మొహంలోకి సూటిగా చూసి, ఒక్క మాట అడిగాడు. ఆ ఏడాది ఇంకా ఎన్ని డాబాలెక్కావు?

గంటసేపు పైన కూర్చుని అన్నీ ఆలోచించాడు భూమయ్య, గౌరవ్వను, గాలిని, దుక్మ్‌ను, తన పరువును. ఇదొక్కటి ఆలోచించలేదు. ఇప్పుడు మెట్లు మెట్లుగా అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. ఆ మార్చిలో ఇంజనీరు మెచ్చుకున్నాక తనే ముందు నడిచి, మిగతా ఇళ్ళ మీద కూడా, ఎవరూ చెప్పకుండానే, పేపరు కూడా చూడకుండా, చెయ్యి అలవాటుగా అవే వైర్లు కోశాడు. మందుల గోదాము. బ్యాంకు పక్కన పాత దస్తావేజులుండే ఆఫీసు. ఆడవాళ్ళకు కుట్టు నేర్పే కేంద్రం. తోటల దగ్గర ఒక పెద్ద ఇల్లు. వేళ్ళు మడిచాడు.

"నాలుగు" అన్నాడు. "ఇది గాక నాలుగు."

ఖమరుద్దీన్ మీటరు బల్ల మీద పెట్టేశాడు. చొక్కా కాలరు సరిచేసుకున్నాడు, గడ్డం గోక్కున్నాడు, కిటికీ దాకా పోయి వచ్చాడు. "కంపెనీకి నేనేమని చెప్పేది భూమయ్యా" అని, జవాబు కోసం చూడకుండా, "సర్లే, చెప్పేది ఎట్టా తప్పదు. పని చేసినాక చెప్తాం. ముందు చెప్తే చెయ్యనీరు" అన్నాడు. ఆ మాట తనకే చెప్పుకుంటున్నట్టు రెండుసార్లు అన్నాడు.

ముసల్లం లేచి తలకు చుట్టిన ముస్సర్ సరిచేసుకుని, గోడకు ఆనించిన చేతికర్ర తీసుకున్నాడు. మీరిద్దరే పోతే తలుపులు తియ్యరు, నేనూ వస్తాను అన్నాడు. పికప్ ముందుసీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు, ముసలాయన మధ్యలో, వైపర్లు అద్దం మీద తుంపరను అటూ ఇటూ తోస్తూ, కొబ్బరితోటలు పొగమంచులో కొంచెం కొంచెమే కనపడుతూ. ఎటు తిప్పమంటారని ఖమరుద్దీన్ అడిగాడు. ముసల్లం కర్రతో ఎడమవైపు చూపించాడు.

"ముందు కుట్టు కేంద్రం" అన్నాడు. "మా అమ్మాయి అక్కడ నేర్పుతుంది. ఖరీఫ్ రాగానే దానికి దగ్గు మొదలవుతుంది. మూడేళ్ళయింది. డాక్టర్లు ఎందుకో చెప్పలేకపోతున్నారు."

సిగ్నల్ దగ్గర బండి ఆగితే, భూమయ్యకు తలుపు తెరుచుకుని దిగి బండికంటే ముందే కుట్టు కేంద్రానికి పరుగెత్తాలనిపించింది.